వాకిలి మీద రేకులు

గద్వాలలో ఎండ అందరికీ ఒకటేనంటారు గాని, అదంతా ఉత్త మాట. బస్టాండు వెనక తాజ్‌బీ ఇంట్లో కాసే ఎండ వేరు. నిరుడు వేసవి దాకా ఆ ఇంటికి ఫ్యాను కూడా దండగే. బండల గోడలు, పైన మట్టి మిద్దె, నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి. పగలంతా పోగైన వేడి పొద్దుగూకేసరికి ఆ వాకిలిలోంచే పైకి పోయేది.

తాజ్‌బీ బావగారి కొడుకు బాసిత్ వచ్చి ఇంటి ముందరి జాగాలో మూడంతస్తుల బట్టల షాపు లేపాడు. పై అంతస్తు అద్దాల్లోంచి చూస్తే తాజ్‌బీ వాకిలి అరచేతిలో పెట్టినట్టు కనిపించేది. ఆడవాళ్లు తలమీది చెంగు తీసి కాసేపు కూర్చునే చోటు అది. తాజ్‌బీ భర్త చోటే మియాకు ఒళ్లు మండింది. బాసిత్‌ను అద్దాలు మూయమని అడిగే దమ్ము లేదు గాని, తన వాకిలి తాను మూసుకునే దమ్ము మాత్రం బాగానే ఉంది. నాలుగు రోజుల్లో వాకిలి మీద ఇనుప రేకులు వేయించాడు. పరదా నిలిచిందని తాజ్‌బీ కూడా సంబరపడింది. ఎంత తెలివితక్కువ సంబరం!

అసలు సంగతి ఈ వేసవికి తెలిసొచ్చింది. షాపు వెనక గోడకు ఆరు ఏసీ డబ్బాలున్నాయి. షాపులోని వేడినంతా తోడి, మూడడుగుల సందులోకి, సరిగ్గా తాజ్‌బీ కిటికీ మీదికి ఊదుతున్నాయి. ఇంట్లోకొచ్చిన సెగ పైకి పోయే దారి లేక రేకుల కింద తిష్ట వేసింది. కూతురు గజాలా తొలి కాన్పుకు పుట్టింటికొచ్చి ఆడపిల్లను కన్నది కూడా అప్పుడే. చిల్లా ముగిసేదాకా, అంటే నలభై రోజులు, దవాఖానకు తప్ప తల్లీబిడ్డా గడప దాటకూడదు.

పదకొండో రోజుకు పసిదాని ఒళ్లంతా చెమటకాయలు. పాలు తాగడం మానేసి మూలుగుతోంది. దవాఖానకు తీసుకెళ్తే డాక్టరమ్మ ఉన్నమాట చెప్పింది.

"ఇది జ్వరం కాదమ్మా, ఇంటి వేడి. గట్లనే ఉంచితే బిడ్డ దక్కుడు కష్టం."

తాజ్‌బీ కూలర్ తెచ్చి కిటికీలో పెట్టింది. అది సందులోని వేడిగాలినే మరింత గట్టిగా లోపలికి గుంజింది.

"రేకులు తీసేద్దాం" అంది భర్తతో.

"బాలింత ఉన్న ఇల్లు. షాపుకొచ్చినోళ్లంత పైకెళ్లి చూడాల్నా?" అని చోటే మియా అటు తిరిగి కూర్చున్నాడు.

చేసేది లేక బాసిత్ దగ్గరికి పోయింది. "ఆ డబ్బాలు జర డాబా మీదికి ఎక్కియ్యి బేటా. పసిపిల్ల ఉంది."

"డాబా మీద ఎండకు అవి సక్కగ పని చెయ్యవు చాచీ. మీరే ఒక ఏసీ పెట్టుకోరాదు?" అని చల్లటి నీళ్ల సీసా ఆమె చేతిలో పెట్టాడు. తాజ్‌బీ సీసా అక్కడే వదిలేసి వచ్చి, వనపర్తిలో ఉన్న అల్లుడు ఉవైస్‌కు ఫోన్ చేసి ఏడ్చింది.

మూడో నాటికి అతడు ఏసీ పట్టుకొచ్చాడు. బిగించడానికి వచ్చిన చరణ్ ఇల్లంతా చూసి, "షాపు దిక్కు వద్దమ్మా. ఆ వేడిల మన డబ్బా కొట్టుకోని సస్తది గాని గది చల్లబడది. వెనక గోడకు పెడ్త" అన్నాడు.

వెనక గోడ అవతల సత్యమ్మ ఇల్లు. ఉన్నది ఒక్క గది, ఈ గోడకు ఎదురుగా ఒక్క కిటికీ. భర్త జయరాజు గుండె జబ్బు మనిషి. రాత్రంతా గోదాముకు కాపలా కాసి, పగలు ఆ కిటికీ కిందే పడుకుంటాడు. గజాలాకు నొప్పులొచ్చినప్పుడు ఆటో కోసం పరుగెత్తింది ఆ సత్యమ్మే. ఇవన్నీ తాజ్‌బీకి తెలియక కాదు. తెలిసే "పెట్టు" అంది.

ఆ సాయంత్రమే బిడ్డ రొమ్ము పట్టింది. తాజ్‌బీ గోడకు ఆనుకుని భోరున ఏడ్చింది.

మూడో రోజు మధ్యాహ్నం సత్యమ్మ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"అక్కా, మా ఆయనకు కన్ను మూతపడ్తలేదు. ఊపిరి ఎగపోస్తుండు. కిటికీ తెరిస్తే మీ డబ్బా గాలి, మూస్తే ఉక్క. జర వేరే దిక్కు పెట్టియ్యరాదు?"

"చిల్లా అయ్యేదాంక ఓర్చుకో సత్యమ్మా. ఇంక ఇరవై మూడు రోజులే."

"గప్పటిదాంక ఆయన ఉండాల్నా, వద్దా?" సత్యమ్మ గొంతు పెంచలేదు.

'జయరాజన్నను వచ్చి ఈడ పండుకోమను' అనే మాట తాజ్‌బీ నాలుక దాకా వచ్చింది. ఇంట్లో చల్లగా ఉన్నది ఆ ఒక్క గదే. బాలింత గదిలో పరాయి మగవాడా? చోటే మియా ముఖం కళ్ల ముందు మెదిలి మాట మింగేసింది. తన మీద తనకే అసహ్యం వేసింది.

తెరిచిన తలుపులోంచి చల్లగాలి బయటికి పోతోంది. లోపల బిడ్డ ఒళ్లు విరుచుకుని ఏడుపు అందుకుంది. సత్యమ్మ ఇంకా గడప ముందే నిలబడి ఉండగా, తాజ్‌బీ ఆమె ముఖం చూడకుండా తలుపు మూసి గడియ పెట్టింది.