జానెడు తక్కువ కోర్టు

మా తమ్ముడు ఐలయ్య పోయిన రోజే వాడి తాడు కూడా పోయింది.

దసరా వెళ్లిన తొమ్మిదో రోజు అది. పొద్దున మగ్గం మీద కూర్చున్నవాడు కూర్చున్నచోటే ఒరిగిపోయాడు. సిద్దిపేట దవాఖానకు చేరేసరికే ఆలస్యమైందన్నారు. మధ్యాహ్నం పాడె కడుతుంటే తాడు చాలలేదు. ఎవరో లోపలికి వెళ్లి, మగ్గం పక్కన మేకుకు వేలాడుతున్న నూలు తాడు తెచ్చారు. పడుగు పోగులు పేని వాడే చేసుకున్న తాడు, మీటరుకొక ముడి. నేను చూశాను. అది కాదు, వేరేది తెండి అనాల్సింది. అనలేదు. తాడు వాడితోపాటే కాలిపోయింది.

ఆ తాడుతోనే తొమ్మిదేళ్లుగా ఐలయ్య మా బడి మైదానంలో ఆడపిల్లలకు కబడ్డీ కోర్టు గీసేవాడు. దుబ్బాక దారిలో ఉన్న మా ఊరి ఉన్నత పాఠశాలలో నేను లెక్కల టీచర్ని. మా బడికి డ్రిల్లు సారు లేడు. మగ్గం దిగిన తరువాత సాయంత్రం పూట ఐలయ్యే వచ్చి నేర్పేవాడు. మొదట్లో ‘ఆడపిల్లలకు కూతేంది’ అని మా వాడలో పెద్దవాళ్లు వాడితో మాట్లాడడం మానేశారు. వాడు పట్టించుకోలేదు. వందకు పైగా మగ్గాలుండే వాడలో ఆరు మిగిలాయి. మగవాళ్లు సగం మంది మరమగ్గాల పనికి భివండి వెళ్లారు. ‘పిల్లలకన్న ఊళ్లె ఒక పని ఉండాలె గదక్కా’ అనేవాడు.

పిల్లలు బాగా ఆడేవారు. ఏ ఊరి జట్టు మా మైదానానికి వచ్చినా ఓడి వెళ్లేది. సిద్దిపేటలో జిల్లా పోటీలకు వెళ్తే మాత్రం మావాళ్లే ఓడి వచ్చేవారు. మూడుసార్లు సెమీ ఫైనల్ దాకా వెళ్లారు, అక్కడ ఆగిపోయారు. ఓడిన ప్రతిసారీ ఒకటే కారణం. కూతకు వెళ్లిన పిల్ల నడిగీతకు అవతల మూడు మీటర్ల దూరంలో ఉన్న బాక్ లైను దాటాలి. ఎవరినీ ముట్టకుండా, ఆ గీతా దాటకుండా తిరిగొస్తే అవుట్. మా పిల్లల కాలు గీతకు జానెడు ఇవతల పడేది.

నాలుగేళ్ల కింద సెమీ ఫైనల్లో చివరి కూతకు ప్రసూన వెళ్లింది. మా వాడ పిల్లే, నా దగ్గర పదో తరగతి చదివేది. వెళ్లింది, వంగింది, కాలు చాచింది, తిరిగొచ్చింది. అంపైర్ చెయ్యెత్తాడు. జానెడు తక్కువ. ఒక్క పాయింటుతో పోయింది. ఊళ్లో ఆ పిల్లకు ‘వణుకుడు ప్రసూన’ అని పేరు పడింది. మళ్లీ కోర్టులో అడుగు పెట్టలేదు.

ఐలయ్య కూడా అది భయమనే నమ్మాడు. పట్నం చూస్తే బెదురుతున్నారనుకున్నాడు. ఆ తరువాత ఏటా పోటీలకు ముందు రెండు ఆదివారాలు పిల్లలందరినీ సిద్దిపేట తీసుకెళ్లేవాడు. బస్టాండంతా తిప్పి, కోమటి చెరువు కట్ట మీద నడిపించి, మిర్చి బజ్జీలు తినిపించి తెచ్చేవాడు. ‘పట్నమంటే గింతే, బుగులు పడేటిదేం లేదు’ అని చెప్పేవాడు. పిల్లలకు బజ్జీలు దొరికేవి.

ఈసారి పోటీలు డిసెంబరు మూడో వారంలో పెట్టారు. నవంబరంతా మా మైదానం మీద వడ్లే. కాలువ నీళ్లొచ్చిన తరువాత ఊరు రెండు పంటలు పండిస్తోంది, ఆరబోయడానికి జాగ లేక బడిలో పోస్తారు. లారీలు ఎత్తేసరికి పోటీలకు ఇరవై నాలుగు రోజులే మిగిలాయి. ఆటో నడిపే బుచ్చిరాములు, ఐలయ్య చిన్ననాటి దోస్తు, నా దగ్గరికి వచ్చాడు.

“అక్కా, కోర్టు ఎవలు గియ్యాలె?”

“నేనే గీస్తాను.”

“నీకస్తదా?”

“లెక్కల టీచర్ని రా. పొడవు, వెడల్పు నాకు రాకపోతే ఎవరికొస్తుంది?”

“గట్లయితే సున్నం నేను తెస్త. గీత వంకర పోతె మాత్రం నవ్వుత.”

మేస్త్రీ దగ్గర టేపు అడిగి తెచ్చాను. కోర్టు నాలుగు మూలలా ఐలయ్య దిగ్గొట్టిన ఇనుప మేకులు అలాగే ఉన్నాయి. ఒక మేకు దగ్గర టేపు పెట్టి లాగాను. పన్నెండు మీటర్లు రావాలి. పదకొండుకు కూడా మూడు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. టేపు తప్పనుకున్నాను. తరగతిలోంచి మీటరు స్కేలు తెచ్చి కొలిచాను. అంతే వచ్చింది. బాక్ లైను గుర్తు రెండు మీటర్ల డెబ్బై నాలుగు దగ్గర ఉంది.

ఇంటికి వెళ్లి మగ్గం పక్కనున్న కట్టె తీశాను. మా బాపు కాలం నాటిది. మేమంతా దాన్ని మీటరు కట్టె అనేవాళ్లం. నేత సొసైటీ వాళ్లు తువ్వాలలు వాళ్ల టేపుతోనే కొలుచుకునేవారు కాబట్టి ఇంట్లో ఆ కట్టెను ఎవరూ సరిచూడలేదు. స్కేలు పక్కన పెట్టాను. తొంభై ఒకటిన్నర సెంటీమీటర్లు. అది గజం కట్టె. ఐలయ్య ఆ కట్టెతో కొలిచే తాడుకు ముడులేశాడు. పుస్తకంలో పన్నెండు మీటర్లని ఉంటే మైదానంలో పన్నెండు గజాలు గీశాడు. మూడు మీటర్ల గీత దగ్గరికొచ్చేసరికి తేడా ఇరవై ఆరు సెంటీమీటర్లు. జానెడు కంటే కాస్త ఎక్కువ.

ఆ కోర్టు పక్కనుంచే నడిచి తొమ్మిదేళ్లు నేను పిల్లలకు కొలతలు చెప్పాను.

మేకులు పీకించి కొత్తవి దిగ్గొట్టించాను. పిల్లలకు అసలు సంగతి చెప్పలేదు. చనిపోయి నలభై రోజులైనా కాని మనిషి చేసిన తప్పు వాడు ఆట నేర్పిన పిల్లల ముందు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. రూలు మారిందన్నాను. అబద్ధమే.

“ఏంది మేడం, గింత పెద్దగున్నది?” అంది సాహితి. తొమ్మిదో తరగతి, సన్నటి పిల్ల, మా జట్టులో కూతకు వెళ్లేది తనే.

“ఈ ఏడాది కోర్టు పెంచారు.”

“ఎవలు పెంచిన్రు?” అని అడిగింది కెప్టెన్ మనస్విని.

“పైవాళ్లు.”

“పైనోళ్లకు మా కాళ్లే దొరికినయా, మేడం? జీతాలు పెంచుకోవచ్చు గదా!”

పిల్లలు నవ్వారు. ఇరవై నాలుగు రోజులు ఆ గీతల మీదే ఉరికించాను. సాహితి మూడంగల లెక్కకు అలవాటు పడ్డ పిల్ల. నాలుగో అంగ సగం వేయడం నేర్పాను. మొదటి వారం తడబడింది. రెండో వారం కాలు గీత మీద పడింది. మూడో వారం గీత దాటింది. ఆ సాయంత్రం నేను ఇంటికి నడుస్తూ ఉన్నట్టుండి వేగంగా నడుస్తున్నానని గమనించాను.

పోటీల రోజు పొద్దున బుచ్చిరాములు ఆటోలో పన్నెండు మందిమి ఎక్కాం. వెనక ఇంకో రెండు ఆటోల నిండా ఆడవాళ్లు. ఒకప్పుడు ఐలయ్యతో మాట మానేసిన ఇళ్లవాళ్లు కూడా అందులో ఉన్నారు. సిద్దిపేట మైదానంలో చలిగాలి, సున్నం వాసన, మైకులో జట్ల పేర్లు. మొదటి రెండు ఆటలు గెలిచాం. సెమీ ఫైనల్ నాలుగు పాయింట్లతో గెలిచాం. మా ఊరు ఫైనల్ ఆడడం అదే మొదటిసారి. విజిల్ పట్టుకుని ఉన్నానని మరిచి విజిల్ కోసం సంచి వెతికాను.

ఫైనల్ హుస్నాబాద్ జట్టుతో. కోర్టు చుట్టూ కట్టిన తాడుకు అవతల, ఎదురు వైపు, ప్రసూన నిలబడి ఉంది. పాత బస్టాండు దగ్గర బట్టల దుకాణంలో పనిచేస్తోందట, భోజనం టైములో ఉరికొచ్చింది. దుకాణం యూనిఫాం చీర కొంగు నడుముకు దోపుకుని మా పిల్లల పేర్లు ఒక్కొక్కటే పిలుస్తోంది.

మొదటి కూతకే సాహితి కాలు గీతకు ఇవతల పడింది. అంపైర్ చెయ్యెత్తాడు. రెండోసారీ అంతే. చుట్టూ అరుపులు, పెద్ద జనం, ఆటకు ముందు బిగుసుకున్న ఒళ్లు. ఇరవై నాలుగు రోజుల లెక్క మరిచి కాళ్లు పాత లెక్కకు వెళ్లిపోయాయి. వెనక నుంచి మా ఊరి గొంతే వినిపించింది.

“అయిపాయె. గీమెకు గూడ వణుకు వట్టింది!”

సగం ఆట ముగిసేసరికి పదహారు, పదకొండు. మేమే వెనక. పిల్లలు నా చుట్టూ చేరారు. సాహితి ఏడవడం లేదు. కోపంగా ఉంది.

“మేడం, నాకు బుగులైతలేదు. ఒట్టు. మరి కాలెందుకు పోతలేదు?”

ఐదు నిమిషాల విరామం. అందులో ఒకటి అప్పటికే అయిపోయింది. ప్రసూనకు కూడా ఇదే ప్రశ్న ఉండి ఉంటుంది. ఆమె అడగలేదు, మేమూ అడగనివ్వలేదు.

“రూలు మారలేదు,” అన్నాను. “నేను అబద్ధం చెప్పాను. మన కోర్టే చిన్నది. మీ ఐలయ్య కాక మీటరనుకుని గజం కట్టెతో కొలిచాడు. గీత దగ్గర జానెడు తక్కువైంది. తొమ్మిదేళ్లూ మన పిల్లలు ఇక్కడ ఓడింది అందుకే. ఎవరికీ భయం లేదు. సాహితీ, నీ కాలు వణకడం లేదు, పాత గీత దాకా సరిగ్గా పోతోంది. దానికి జానెడు కలుపు. అంతే.”

మనస్విని నా వైపు చూసింది, సాహితి వైపు చూసింది.

“అంటే కాక మనల్ని కట్టేసి ఉరికిచ్చిండన్నట్టు,” అంది.

ఏడుగురూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వుతోనే కోర్టులోకి వెళ్లారు.

ఆ తరువాతి పదిహేను నిమిషాలు నేను సరిగ్గా చెప్పగలనో లేదో. సాహితి మొదటి కూతకే గీత దాటి, వచ్చేటప్పుడు ఒకరిని ముట్టి వచ్చింది. మనస్విని వాళ్ల పొడుగు పిల్లను నడుము దగ్గర పట్టి గాల్లోకి లేపి కింద పెట్టింది. పదహారుకు పద్నాలుగు. పదహారుకు పదహారు. బుచ్చిరాములు తాడు దాటి లోపలికొస్తే పోలీసాయన బయటకు నెట్టాడు. “గది మా ఊరు సార్, మా ఊరు!” అని ఆయనకే చెప్తున్నాడు. ఆడవాళ్లు చెప్పులు చేతుల్లో పట్టుకుని ఎగురుతున్నారు. నేను కూడా అరుస్తున్నానని, గొంతు బొంగురుపోయాక తెలిసింది.

ఒక నిమిషం మిగిలింది. ఇరవై రెండు, ఇరవై రెండు. అంతకుముందు రెండు కూతలు ఉత్తవే పోయాయి కాబట్టి ఈ మూడో కూతలో పాయింటు రాకపోతే సాహితి అవుట్. ఎదురుగా ఆరుగురున్నారు. ఆరుగురున్నప్పుడు బాక్ లైనుకు ఇంకో మీటరు అవతల ఉన్న బోనస్ గీత దాటి కాలు మోపి, క్షేమంగా తిరిగొస్తే ఒక పాయింటు. అంత లోపలికి మా పిల్లలెవరూ ఇక్కడ వెళ్లలేదు.

సాహితి కూత పెట్టింది. ఎడమకు వెళ్లింది, కుడికి తిరిగింది. మూలనున్న పిల్ల ముందుకు వంగింది. సాహితి వెనక కాలు లేచింది, ముందు కాలు చాచింది. నాకు ఆ కాలు ఒక్కటే కనిపించింది. గీతకు అవతల దుమ్ము లేచింది. పట్టుకోబోయిన చేతుల కింద నుంచి వంగి, నడిగీత మీద బోర్లా పడింది. కూత మాత్రం ఆపలేదు.

అంపైర్ బొటనవేలు పైకెత్తాడు.

హుస్నాబాద్ పిల్ల చివరి కూతకు వచ్చింది. మనస్విని చీలమండ పట్టింది, మిగతావాళ్లు మీద పడ్డారు. పొడుగు విజిల్. ఇరవై నాలుగు, ఇరవై రెండు.

బుచ్చిరాములు ఏడుస్తూ నవ్వుతూ వచ్చాడు. “అక్కా, గాడుంటే బాగుండు,” అన్నాడు. నేను తలూపాను.

ప్రసూన తాడు కింద నుంచి దూరి వచ్చి సాహితిని ఎత్తి తిప్పింది. తరువాత నా రెండు చేతులూ పట్టుకుంది. ముఖం వెలిగిపోతోంది.

“మేడం, సూసిన్రా! గీ పిల్లకు ఏం భయం లేదు. నా లెక్క గాదు. నాకు గప్పుడు కాళ్లు వణికినయి గదా, గీమెకు వణకలే!”

“ప్రసూనా, నీకొకటి చెప్పాలి,” అన్నాను.

బ్యాండు మొదలైంది. ఆమెకు వినబడలేదు. “టైమైపోయింది మేడం, సేటు తిడ్తడు. మళ్ల కలుస్త!” అని అరిచి, కొంగు సర్దుకుంటూ రోడ్డు వైపు ఉరికింది.

ఇది జరిగి పదకొండు రోజులైంది. ఊరంతా కప్పు గురించే మాట్లాడుతోంది. మేడం నేర్పితే పిల్లలకు భయం పోయిందంటున్నారు. కాదు, మన కోర్టే చిన్నదని మా బడిలో, బజారులో చెప్పాను. కొందరు విన్నారు. పాత హాజరు రిజిస్టర్లు తీసి, తొమ్మిదేళ్లలో ఆ కోర్టులో ఆడి సిద్దిపేటలో ఓడి వచ్చిన పిల్లల పేర్లు రాశాను. నలభై ఒకటి ఉన్నాయి. కొందరు భివండిలో ఉన్నారు, కొందరు పెళ్లిళ్లై వెళ్లారు. ఒక్కరికీ చెప్పలేదు. ప్రసూనకు కూడా ఇంకా చెప్పలేదు.