పాలకు పిలిచిన పేర్లు

నా పేరు డాలీ. పేరు విని బొమ్మలాగా ఉంటాననుకునేవాళ్ళు, నా నోరు విన్నాక ఆ పొరపాటు మళ్ళీ చేయరు. అరకు లోయలో మా ఆసుపత్రికి ఒక మూల, అప్పుడే పుట్టిన పిల్లల నర్సరీ నాది. గోడలు సర్కారువి, జీతం సర్కారుది, లోపల రాజ్యం మాత్రం నాది. చెప్పులతో అడుగు పెట్టనివ్వను. చేతులు కడుక్కోకుండా పిల్లను తాకనివ్వను. పెద్ద డాక్టరైనా సరే, ముందు సబ్బు దగ్గరికి వెళ్ళి రావలసిందే.

ఆ రోజు నన్ను ఏడిపించింది ఒక ఆడపిల్ల. నెలలు నిండకుండా పుట్టింది, పిడికెడంత ఉంది. ఊపిరి బాగుంది, రంగు బాగుంది, పాలు మాత్రం పట్టదు. తల్లి కనక రొమ్ము నోటికి అందిస్తే, ఇదేదో తనకు సంబంధం లేని వ్యవహారమన్నట్టు నిద్రపోతుంది. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి పాలు పోస్తున్నాం.

డాక్టర్ దేవీప్రసాద్ పొద్దున్నే వచ్చి చూశాడు. "సిస్టర్, ఇంత మందకొడిగా ఉందంటే లోపల ఇన్ఫెక్షన్ ఏమైనా ఉందేమోనని నా భయం. సాయంత్రం లోపల తనంతట తాను పాలు చీకకపోతే విశాఖ పంపేద్దాం. అంబులెన్సుకు చెప్పి ఉంచుతాను," అన్నాడు.

ఆయన మాటలో తప్పు లేదు. కానీ కాన్పులో కనకకు రక్తం బాగా పోయింది, మంచం దిగితే కళ్ళు తిరుగుతున్నాయి. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆమె ప్రయాణం చేయలేదు. అంటే పిల్ల కిందికి దిగాలి, తల్లి ఇక్కడ ఉండిపోవాలి. ఆ మాట విన్నప్పటి నుంచి కనక ఏడవడం లేదు, మాట్లాడటం లేదు. నేను ఇంతమంది తల్లులను చూశాను గానీ, ఏడవని తల్లిని చూస్తే నాకు భయం.

ఒంటి వేడికి మించిన మందు లేదని, పిల్ల బట్టలు తీసి తల్లి గుండెకు ఆనించి కట్టాను. అరికాళ్ళు గీరాను. చెవులు రుద్దాను. పెదవి మీద పాలచుక్క రాశాను. బతిమాలాను, తిట్టాను. "ఏమే మహారాణీ, నీకు వెండి గిన్నెలో పోసివ్వాలా?" అన్నాను. మహారాణి ఒక కన్ను తెరిచి, నన్ను చూసి, మూసేసింది.

మధ్యాహ్నం తలుపు దగ్గర గలాటా మొదలైంది. వచ్చింది కనక అత్త తవిటమ్మ. కొండ మీద ఊరి నుంచి చెంబుతో గెడ్డ నీళ్ళు, అదే వాగు నీళ్ళు, కొంగున బియ్యం ముడి కట్టుకుని దిగింది.

"ఆ చెంబు లోపలికి రాదు పెద్దమ్మా," అన్నాను అడ్డం నిలబడి.

"మరెలగ సిస్టరమ్మా? నీటిలో గింజెయ్యకపోతే వచ్చినోలెవలో ఎలగ తెలుస్తాది?"

"ఎవరొచ్చారు?"

"ఈ పసిగుంటేనమ్మా. మా ఇంటి పెద్దోలెవలో తిరిగొచ్చినారు. ఎవలో పోల్చకుండా పాలెట్టేస్తే తాగుతారేటి? పేరెట్టి పిలవకుండా కూడెడితే నువ్వు తింతావేటి?"

వాళ్ళ ఇంట్లో ప్రతి బిడ్డా పోయిన పెద్దల్లో ఒకరు తిరిగి రావడమేనట. ఒక్కో పేరు చెబుతూ ఒక్కో గింజ నీళ్ళలో వేస్తారు. గింజ కదిలే తీరును బట్టి వచ్చింది ఎవరో పోల్చుకుంటారు. నేను ఆదివారం చర్చిలో పాటలు పాడే మనిషిని, ఇలాంటివి నాకు ఎక్కవు. పైగా గెడ్డ నీళ్ళు, నా నర్సరీలో. వెళ్ళమని చెప్పబోతున్నాను, అంతలో కనక తలెత్తి అత్త వైపు చూసింది. పొద్దుటి నుంచి ఆమె తలెత్తడం అదే మొదలు.

సరే, డాలీ కూడా ఒక్కోసారి మెట్టు దిగుతుంది. "చెంబు బయట పెట్టు. బియ్యం బయట పెట్టు. మోచేతుల దాకా కడుక్కో. పేర్లు మాత్రం లోపలికి తెచ్చుకో, వాటికి క్రిములుండవు. నువ్వు పేరు పిలు, కనక పాలిస్తుంది. పిల్ల ఏ పేరుకు నోరు తెరిస్తే ఆ పేరు," అన్నాను.

తవిటమ్మ కొంగున ఉన్న బియ్యం ముడిని తడుముకుంది. "గింజకి బదులు నోరా?"

"నోరే."

"సబ్బేదీ?" అంది.

మొదటి పేరు సుక్రు తాత. తవిటమ్మ మామకు అన్న. జీలుగు చెట్టెక్కి కల్లు తాగి, పైనే నిద్రపోతే దించడానికి ఊరంతా వెళ్ళిందట.

"అలాంటాయన పాలకు లేస్తాడా పెద్దమ్మా? అయినా ఆడపిల్లకు తాత పేరేంటి?"

"తిరిగొచ్చే పేనానికి ఆడేటి మగేటి?" అని నా నోరు మూయించింది.

పిల్ల కదలలేదు. తరవాత సోమి మేనత్త. ఎలుగుబంటిని చేటతో తరిమిన మనిషి. పిల్ల ఆవులించింది. ఆ తరవాత లచ్చన్న. తన మిరియాల తీగ మీద పక్కింటి కోడి కూర్చుందని పంచాయితీ పెట్టించిన ఘనుడు. పిల్ల తుమ్మింది. ముగ్గురం ఆశగా ముందుకు వంగాం. తుమ్మి, మళ్ళీ హాయిగా నిద్రపోయింది.

కథలు నాకు బాగానే ఉన్నాయి గానీ, పేర్లు అయిపోతున్నాయి, పొద్దు వాలుతోంది. కిటికీలోంచి చూస్తే అంబులెన్సు వచ్చి ఆగింది. పిల్ల తండ్రి భీముడు డ్రైవరు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకెవరూ లేరా?" అని అడిగాను.

"నేరు," అంది తవిటమ్మ.

"బుద్రవ్వ," అంది కనక. పొద్దుటి నుంచి వాడని గొంతు బొంగురుగా వచ్చింది. "అత్తా, బుద్రవ్వని నువ్వు పిలవనేదు."

తవిటమ్మ నేల చూపులు చూసింది. బుద్రి అంటే తవిటమ్మకు అత్త. అంతే, నాకు ఒళ్ళు మండింది.

"అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తావా పెద్దమ్మా? అవతల బండి వచ్చి నిలబడింది. మీ తగువు తరవాత తీర్చుకుందువు గాని, పిలు."

"కోపం కాదు సిస్టరమ్మా, బయం. ఆవిడ పోయిన్నాడు నాను గంజి ఎట్టబోనాను. గరిటి నోటికాడికి తెత్తే మొకం అటు తిప్పినాది. అటెడితే ఇటు తిప్పినాది. అన్నాల్లు నా సేతి కూడు తిని, ఆకరికి వద్దనేసి పోనాది. ఊరోలంతా సూసినారు. ఇప్పుడు పిలిస్తే మల్లీ మొకం తిప్పీదా?"

నా కోపం ఎక్కడికి పోయిందో పోయింది, ఆమె మీద జాలి ముంచుకొచ్చింది.

"పిలు పెద్దమ్మా," అన్నాను మెల్లగా. "నేనున్నాను."

తవిటమ్మ వంగింది. "అత్తా. బుద్రత్తా. నాను, తవిటిని."

కనక రొమ్ము పిల్ల చెంపకు తాకించింది. పిల్ల తల కదిలింది. అటు తిప్పింది. మళ్ళీ ఇటు తిప్పింది.

"సూసినావా? సెప్పినానా?" అంటూ తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు వైపు నడిచింది.

నేను మాత్రం ఆ తిప్పడాన్ని గుర్తుపట్టాను. ఆమె చెయ్యి పట్టి ఆపేశాను. "ఎక్కడికీ కదలకు. వద్దని కాదు పెద్దమ్మా, వెతుకుతోంది. ఆకలి తెలిసిన బిడ్డ, రొమ్ము ఎక్కడుందో తెలియక ఇలాగే అటూ ఇటూ తల తిప్పుతుంది. కనకా, ఇంకొంచెం కిందికి. గడ్డం తగలనీ."

అటు నుంచి ఇటు తిరుగుతున్న నోరు దారిలో రొమ్మును దొరకబుచ్చుకుంది. ఒకసారి చీకింది. ఆగింది. మళ్ళీ చీకింది, గుటకేసింది, ఇంక వదల్లేదు. అప్పుడు ఏడ్చింది కనక, వెక్కి వెక్కి. నాకూ కళ్ళు తడిశాయి, దాచుకోలేదు.

డాక్టరు వచ్చాడు, చేతులు కడుక్కునే వచ్చాడు. పిల్లను చూశాడు, ఒళ్ళంతా పరీక్షించాడు. ఇలాగే తాగుతుంటే పంపక్కర్లేదన్నాడు. అంబులెన్సు ఖాళీగా వెనక్కి పోయింది. పొద్దుటి నుంచి నేను పడిన పాటు ఫలించిందని నేనంటాను. తవిటమ్మ ఇంకోటి అంటుంది. ఈ విషయంలో ఇద్దరం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ సాయంత్రం మాత్రం ఆమె వాదించలేదు. పిల్లనే చూస్తూ, "సిస్టరమ్మా, ఆయాల గంజెట్టినప్పుడు ఆవిడ కూడా ఎతుకుతున్నాదేటి? వద్దని కాదేటి?" అని అడిగింది.

నాకు తెలిసింది వచ్చేవాళ్ళ సంగతి. పోయేవాళ్ళ సంగతి నాకేం తెలుసు? కానీ ఆ మొహం చూస్తూ తెలియదని చెప్పడానికి నోరు రాలేదు.

"అంతే అయ్యుంటుంది పెద్దమ్మా. కళ్ళు ఆనక, గరిటె ఎక్కడుందో వెతుక్కుని ఉంటుంది," అన్నాను.

తవిటమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను చెప్పకుండానే వెళ్ళి చేతులు మళ్ళీ కడుక్కుని వచ్చింది. పిల్ల వీపు మీద ఒక్క వేలు ఆనించింది.

"ఓసి ముసిలీ," అంది, "ఆ మాటేదో అప్పుడే సెప్పొచ్చు కదే. ఇన్నేల్లు నన్నేడిపించినావు."

పిల్ల వినిపించుకోలేదు. తాగుతోంది.