తొండం జరిగిందా, లేదా?

నకిరేకల్‌లో సీతారాములు ఇంటి వెనక గదిలో మగ్గం, ముందు గదిలో కంప్యూటర్. మగ్గం అతని తల్లి మల్లమ్మది. కంప్యూటర్ సీతారాములుకూ దోస్తు ఆజంకూ ఉమ్మడి. గది తాళంచెవి మాత్రం ఎప్పుడూ సీతారాములు మొలతాడుకే వేలాడేది. తొంభై ఎనిమిదిలో హైదరాబాద్ పోయి కోర్సు చేసి వచ్చినప్పటి నుంచి అతని కాళ్లు నేల మీద నిలిస్తే ఒట్టు.

ఇద్దరూ చీరల నమూనాలను కంప్యూటర్‌లో గీసేవారు. రంగులో ముంచే ముందు నూలుకు సైకిల్ ట్యూబు పట్టీ కట్టాల్సిన చోట చుక్క, కట్టనక్కర్లేని చోట ఖాళీ. ఏది మార్చినా పాతది కూడా భద్రంగా దాచే ఏర్పాటు, రెంటికీ తేడా చూపే పనిముట్టు సీతారాములే పెట్టాడు. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెప్పాడు.

ఆజం బొటనవేలికి ఒక జబ్బు. ప్రతి వరుస చివరా స్పేస్ మీటను ఊరికే నొక్కుతుంది. దాంతో ఆ పనిముట్టు ప్రతి వరుసలోనూ తేడా ఉందని చూపేది. సీతారాములుకు చిర్రెత్తి, ఖాళీలను లెక్కచేయొద్దని దాని సెట్టింగుల్లో రాసిపడేశాడు. పీడ విరగడైంది.

ఆ వారం పెళ్లి చీర మీదికి ఏనుగు బొమ్మ కావాలన్నారు. సీతారాములు గీసిన ఏనుగు తొండం ముందుకాలికి అతుక్కుపోయింది.

"గిది ఏనుగా, ఐదు కాళ్ల బర్రెనా?" అంది మల్లమ్మ.

తొండాన్ని ముందుకు జరిపే పని ఆజంకు పడింది. పొద్దంతా కూర్చుని జరిపాడు. సాయంత్రం సీతారాములు పాతదీ కొత్తదీ పోల్చి చూశాడు. తేడా ఏమీ లేదని వచ్చింది.

"పొద్దంత ఏం పీకినవ్‌రా?"

"తొండం జరిపిన."

"మరి మెషిన్ అబద్ధమాడుతాందా? రేపట్నుంచి రాకు. నీ దారి నీది, నా దారి నాది."

ఆజం ముఖం మాడిపోయింది. ఈ గది కోసమే అతను తండ్రి దుకాణం వదులుకున్నాడు. కోపం కంటే ఏడుపే ముందు వచ్చింది. చెప్పులు తొడుక్కుంటుంటే మల్లమ్మ ట్యూబు పట్టీలు పట్టుకుని వచ్చింది.

"పాతది కట్టాల్నా, కొత్తది కట్టాల్నా? మీ పంచాయితి నా నూలుకు రంగేస్తదా?"

ఆజం ఆగాడు. "అమ్మా, కట్టిన కాడ రంగెక్కుతదా?"

"ఎట్లెక్కుతది? కట్టని కాడనే ఎక్కుతది. చంటిపోరనిక్కూడ ఎర్కే."

ఆజం గిర్రున తిరిగాడు. "విన్నవా? రంగెక్కేది ఖాళీలల్ల! చుక్కలన్ని గవే, నేను జరిపింది ఖాళీలనే. నువ్వేమో ఖాళీలు చూడొద్దని దానికి చెప్పినవ్. మగ్గమున్న ఇంట్ల పుట్టింది నువ్వురా, నేను గాదు!"

తప్పయిందని ఒప్పుకోవడం సీతారాములుకు ఆ హైదరాబాద్ కోర్సులో నేర్పలేదు కాబోలు. కూర్చుని, తాను రాసిన సెట్టింగు చెరిపి, మళ్లీ పోల్చాడు. తొండం వరుసలన్నీ బయటపడ్డాయి. వాటితో పాటు ఆజం బొటనవేలి ఖాళీలూ వరసగా దిగాయి.

మొలతాడు నుంచి తాళంచెవి ఊడదీసి ఆజం ముందు పెట్టాడు.

"రేపు నువ్వే తెరువు. నేను జర ఆలస్యంగ వస్త."

తర్వాత ఆ వరుసల చివరి ఖాళీలను ఒక్కొక్కటే తుడవసాగాడు. ఆజం చెప్పులు విడిచి పక్కన కూర్చున్నాడు.

"గా కింద ఇంకోటున్నది, తుడువు," అన్నాడు. "తొండాన్ని మాత్రం ముట్టకు."