రఫీక్ అంటే పలకనోళ్లు

కువైట్ యుద్ధం ఆగింది, కాంట్రాక్టూ ముగిసింది, ఇక ఇంటికి పోనీయమని అడిగినందుకు జెద్దా లేబర్ క్యాంపులో స్వామి చెంప పగిలింది. కొట్టినవాడు ఫోర్‌మన్ దిలావర్.

"కల్ సబ్ రాబిగ్ జాయేగా, రఫీక్!"

రాబిగ్‌లో ఇంకో కాంట్రాక్టర్‌కు, వీసాలిచ్చి తెప్పించుకున్న యజమాని, కఫీల్, వాళ్లందరినీ ఇచ్చేశాడట. పాస్‌పోర్టులు ముందే అక్కడికి చేరిపోయాయి. దిలావర్‌కు అందరూ రఫీకే. పక్కనున్న ఆర్మూరు లింబాద్రీ రఫీకే. రఫీక్ అంటే స్నేహితుడట. ఏం స్నేహమో!

ఆరోజు జెద్దా రేవు దగ్గర పాత ఓడల ఏజెంటు గోదాము కూల్చే పని. కాగితాలన్నీ తగలబెట్టమన్నారు. ఒకదానిమీద లింబాద్రి కాలు పడింది. సరస్వతిని తొక్కానని గబుక్కున తీసి కళ్లకద్దుకున్నాడు. మదర్సాలో అరబీ నేర్చిన కోరుట్ల గౌస్ మొహిద్దీన్ దాన్ని తీసుకుని చదివాడు. అతని మొహం మాడిపోయింది.

"దేనికి మొక్కుతున్నవ్ లింబాద్రీ? మనుషులను ఓడలెక్కించిన కాగితమిది. ఖర్జూరం బస్తాలు, ఆడోళ్లు, పోరగాండ్లు, అంతా ఒక్క వరుసల్నే."

దానికో ఉత్తరం కుట్టి ఉంది. పంపిన బానిసకు ముబారక్ అని పేరు పెడితే, ఎంత కొట్టినా ఆ పేరుకు పలకడం లేదనీ, వాణ్ణి వెనక్కి తీసుకుని ఇంకొకణ్ణి పంపమనీ కొన్నవాడి ఫిర్యాదు.

"వాని అసలు పేరేంది భాయ్?" అడిగాడు లింబాద్రి.

"రాయలే."

లింబాద్రికి ఒళ్లు మండిపోయింది. దీన్నా తను కళ్లకద్దుకున్నది!

సాయంత్రం క్యాంపులో మాటామాటా పెరిగింది.

"అదెప్పటి ముచ్చటో. మనకు జీతమిస్తుండ్రు గద!" అన్నాడు రాజేశం. అందరిలోకీ పెద్దవాడు, భయస్తుడు.

"జీతమిస్తే ఇంకొకనికి అప్పజెప్పొచ్చునా? రాబిగ్ పోతవా అని నిన్నడిగిండ్రా?" లింబాద్రి అరిచాడు.

"పోలీసులొస్తే?"

"రానీ. ఆ కాగితంల పలకనన్నోడు ఒక్కడే ఉండె. మనం గింతమందిమున్నం."

తెల్లారి బస్సొచ్చింది.

"చలో రఫీక్!"

ఒక్కరూ పలకలేదు. దిలావర్ గొంతు చించుకున్నాడు. మట్టిలో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉన్నారు. కబురందుకుని పోలీసులొచ్చి, నాయకుడి పేరు చెప్పమని దిలావర్‌ను నిలదీశారు. ఇన్నేళ్లలో ఒక్కడి పేరూ అడిగిన పాపాన పోలేదేమో, రఫీక్, రఫీక్ అంటూ అందరివైపూ వేలు తిప్పాడు. చివరికి, కాల్చకుండా తెచ్చుకున్న ఆ పాత కాగితం చేతిలో ఉన్న గౌసే నాయకుడనుకుని ఈడ్చుకుపోయారు.

 లింబాద్రి లేచేలోపే రాజేశం లేచాడు. వెళ్లి బస్సు చక్రాల ముందు కూర్చున్నాడు. వెనకే స్వామి, వెనకే అందరూ.

దిలావర్ లింబాద్రి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, మొదటిసారి అడిగాడు: "తుమ్హారా నామ్ క్యా హై?"

"చెప్తం. అందరి పేర్లూ చెప్తం. ముందు గౌస్ మొహిద్దీన్‌ను తీస్కరా."