వెనక్కి తిరిగే పాదాలు

రోజూ పొద్దున్నే ముగ్గురూ పనికి బయల్దేరేవాళ్లు. రంపాలూ తాడూ మోసుకుంటూ చిన్నది, టీ ఫ్లాస్కు పట్టుకుని దాని అక్క, చేతులూపుకుంటూ బావ. వీధుల్లో కరెంటు తీగలకి తగిలే కొమ్మలు కొట్టడం వాళ్ల పని.

చెట్టు ఎవరైనా ఎక్కుతారు. తేడా అంతా దిగడంలోనే. బావ ఎలుగుబంటిలా దిగేవాడు, కాళ్లు ముందు కిందికి జార్చి, పాదంతో కొమ్మ తడుముకుంటూ. వీధిలో పిల్లులదీ అదే తంతు. చిన్నది మాత్రం ఉడతలా తలకిందులుగా దిగేది. చీలమండల దగ్గర దాని పాదాలు గిర్రున వెనక్కి తిరిగి, వేళ్లు మానుని కరుచుకునేవి. రెండు చేతులూ ఖాళీ కాబట్టి దిగుతూ దిగుతూనే కొమ్మలు కోసుకొచ్చేది. చూసినవాళ్లు "పని చకచకా అవుతోందే" అనేవాళ్లు, అంతే.

బావకి ఆశ పుట్టింది.

"ఒకే కడుపున పుట్టారుగా, నీకెందుకు తిరగవే?" అని రోజూ సాయంత్రం పెళ్లాన్ని కుర్చీలో కూర్చోబెట్టి పాదం మెలిపెట్టేవాడు. అక్క చీర కొంగు నోట్లో కుక్కుకునేది.

"అక్కనొదిలెయ్ బావా, ఇద్దరి పనీ నేనే చేస్తాను," అంది చిన్నది.

"మరి మీ అక్కెందుకు నాకు?" అన్నాడు బావ.

ఒక సాయంత్రం కుడి పాదం టక్కుమని తిరిగింది. తిరిగింది తిరిగినట్టే ఉండిపోయింది. "చూశావా! రెండోది రేపు చూద్దాం," అని బావ చేతులు కడుక్కుని అన్నానికి కూర్చున్నాడు. అక్కే వడ్డించింది, ఒక పాదం వంటింటి వైపు, ఒక పాదం వీధి వైపు పెట్టుకుని.

మర్నాడు "ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?" అని ఆమెని కూడా పనికి ఈడ్చుకొచ్చాడు. ఆస్పత్రి గోడ పక్కన ఎత్తైన చెట్టు. అక్క నేల మీద కూలబడింది.

"పైన లావు కొమ్మలున్నాయి బావా, ఒక్కదాని వల్ల కాదు," అంది చిన్నది.

బావ ఎక్కాడు. చిటారున ఇద్దరూ కలిసి పని ముగించారు. తాడు భుజానికి చుట్టుకుని చిన్నది ముందు దిగింది. తల కిందికి ఉంది కనుక, బావ కాలు పెట్టి ఎక్కిన కొమ్మలన్నీ దానికి స్పష్టంగా కనిపించాయి. ఒక్కొక్కటే మొదలంటా కోసేసింది.

"ఇవాళ మంచి ఊపు మీదున్నావే!" అన్నాడు పైనుంచి బావ.

చిన్నది నేల మీదికి దిగేసరికి మాను స్తంభంలా నున్నగా ఉంది. అక్కకి ముందుగా ఏమీ చెప్పలేదది. చెబితే ఏడుస్తుందని, అరిచి ఆయన్ని ఆపేస్తుందని భయం.

బావ వెనక్కి తిరిగి దిగడం మొదలుపెట్టాడు. ఆఖరి కొమ్మని రెండు చేతులా పట్టుకుని కాలు కిందికి జార్చాడు. పాదం గాల్లో తడుముకుంది.

"ఏమేవ్, కొమ్మ ఎక్కడుంది?" అని పెళ్లాన్ని కేకేశాడు.

అక్క తలెత్తి మానుని మొదలు నుంచి పైదాకా చూసింది. చెల్లెలి చేతిలో రంపాన్ని చూసింది.

"ఇంకో జానెడు కిందికండీ," అంది అక్క.