ముల్లు కదలని టేపు

పుస్తకం అమ్మాయికి ఆ పేరు పెట్టింది పై అంతస్తు పెద్దాయన. కరెంటుతో సంగీతం పుట్టించిన తొలితరం వాళ్ళని వెతికి పట్టుకుని, వాళ్ళు ఎలా బతికారో, ఆ శబ్దాలు ఎలా కట్టారో అడిగి, ఆ మాటలన్నీ పుస్తకంగా వెయ్యాలని ఆమె తిరగని చోటు లేదు. అందరూ అడిగిందే తడవుగా చెప్పారు. కొందరు చాలు బాబూ అన్నా ఆపలేదు. ఆఖరికి మిగిలింది ఈ అక్కాతమ్ముళ్ళే. నిజానికి ఆమె పుస్తకం మొదలుపెట్టిందే వీళ్ళ కోసం.

ఇద్దరిదీ ఒకే మేడ. అక్కగారు కింద, తమ్ముడుగారు పైన. వయసులో ఉన్నప్పుడు, రేడియోలు బాగుచేసే షాపువాళ్ళు పారేసిన టెస్టింగ్ పెట్టెలూ, రెండు ఇనప బకెట్లూ, ఒక టేపు మిషనూ పెట్టుకుని వీళ్ళు రికార్డులు చేశారు. కొన్నవాళ్ళు సరుకు పాడైపోయిందనుకుని షాపులో తిరిగి ఇచ్చేశారు. తరవాత వాళ్ళ పిల్లలే ఆ రికార్డుల కోసం ఎగబడ్డారు. సరిగ్గా పేరొస్తున్న వేళ, చేస్తున్న రికార్డు సగంలో ఉండగా, ఇద్దరూ మాటలు మానేశారు. ఎందుకు మానేశారో ఎవరికీ తెలీదు. అది తేలకపోతే వీళ్ళ అధ్యాయం పుస్తకంలో ఉండదని ప్రచురణకర్త కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు.

వాళ్ళ పని పద్ధతి గురించి అడిగితే మాత్రం ఇద్దరూ అరమరికలు లేకుండా చెప్పారు. టేపు ఒకటే. దాని మీద పక్కపక్కన నాలుగు వరసలు. ఆవిడ ఒక వరసలో ఏదో ఎక్కించి పైకి పంపేది. ఆయన విని, ఇంకో వరసలో తనది ఎక్కించి కిందికి పంపేవాడు. ఏం ఎక్కించారో నోటితో చెప్పకూడదు, రెండోవాళ్ళు చెవులు రిక్కించి కనిపెట్టాలి. కనిపెట్టలేకపోతే ఓడినట్టు. ఒకరు నింపిన వరస ఇంకొకరు ముట్టుకోకూడదు.

గొడవ దగ్గరికి వచ్చేసరికి కప్పదాట్లు మొదలయ్యేవి. ఎలుక టేపు కొరికేసిందన్నాడు ఆయన. మర్నాడు మిషను కాలిపోయిందన్నాడు. ఆ మిషను ఆయన వెనకాలే నిక్షేపంలా తిరుగుతోంది. కింద ఆవిడేమో తమ్ముడికి చెవుడొచ్చిందని, అది బయటికి పొక్కకూడదని తానే మానేశానని జాలిగా చెప్పింది. అది విని అమ్మాయి పైకి వెళ్ళిందో లేదో, కింద వంటగదిలో కుళాయి కారుతోంది, ఆవిడకి చెప్పి కట్టించు అన్నాడు చెవుడొచ్చిన తమ్ముడు.

అమ్మాయి మొదట్లో మేడం అని పిలిస్తే, ఆ పిలుపు తనకి నచ్చదని, పెద్దమ్మా అనమని అక్కగారు ఆజ్ఞాపించింది. ఈ సంగతి పైన చెబితే ఆయనకి చిర్రెత్తుకొచ్చింది.

"ఆవిడ నీకు పెద్దమ్మయితే నేను మామయ్యనైపోతాను కదా. నన్నొక్క మాట అడిగిందా?" అన్నాడు. ఆ మర్నాడు అమ్మాయి పొరపాటున సార్ అంటే మూతి ముడుచుకుని కూచున్నాడు.

ఇదిలా ఉంటే, ఇద్దరికీ ఇంకో జబ్బు పట్టుకుంది. అవతలివాళ్ళు ఏం చెప్పారో వినిపిస్తే గానీ నోరు విప్పరు. తప్పులుంటే దిద్దడానికని సాకు. అమ్మాయి రికార్డరు భుజాన వేసుకుని మెట్లు ఎక్కడం, పితూరీ వినిపించడం, దానికి జవాబు ఎక్కించుకుని దిగడం. వాడికి బకెట్టు దరువు నేనే నేర్పానని చెప్పు అంటుంది ఆవిడ. ఆవిడ నేర్పింది బకెట్టు తోమడమని చెప్పు అంటాడు ఆయన. నెల తిరిగేసరికి అమ్మాయి తల ప్రాణం తోకకొచ్చింది. తనని రాయబారానికి వాడుకుంటున్నారని అప్పటికి ఆమెకి అర్థమైంది. అర్థమయ్యాక, కాస్త అగ్గి రాజేస్తే తప్ప వీళ్ళు లొంగరని కూడా అర్థమైంది.

అవకాశం ఆయనే ఇచ్చాడు. ఒక మధ్యాహ్నం మంచి హుషారులో ఉండి, "చివర్లో మీ పెద్దమ్మ దగ్గర సరుకైపోయింది. మూడో వరస ఉత్త ఖాళీగా పంపింది. ఇది మాత్రం ఆవిడకి వినిపించకు" అన్నాడు. అమ్మాయి బుద్ధిగా తలూపింది. కిందికి దిగి, సోఫాలో కూచుని, వేలు జారినట్టు సరిగ్గా అక్కడే నొక్కింది.

అక్కగారు తాగుతున్న కాఫీ కింద పెట్టేసింది.

"ఖాళీయా? అందులో మా అమ్మ ఉందే" అంది.

ఆవిడ చెప్పుకుపోయింది. వాళ్ళమ్మ గురక పెట్టేది. కానీ పెట్టనని చచ్చేదాకా బుకాయించింది. తమ్ముడు అమ్మ కొంగు పట్టుకు తిరిగే రకం కాబట్టి ఎప్పుడూ అమ్మ పక్షమే. నువ్వే కుళ్ళుకుని కల్పిస్తున్నావని అక్క మీద విరుచుకుపడేవాడు. వాడిని ఎలాగైనా పట్టించాలని ఒకనాటి మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే, పక్కగదిలోంచి తలుపు సందున మైకు పెట్టి, ఆ గురకని వినీ వినపడనంత సన్నగా మూడో వరసలో ఎక్కించి పైకి పంపింది. పద్ధతి ప్రకారం వాడు విని కనిపెట్టాలి, కనిపెట్టాక ఒప్పుకోక చస్తాడా. టేపు తిరిగొచ్చింది. మూడో వరస పొడుగునా బకెట్టు దరువు.

"అప్పటికే అమ్మకి ఒంట్లో బాగాలేదు. ఆ చలికాలం దాటలేదు. ఇంటినిండా మిషన్లు పెట్టుకుని ఆవిడ గొంతు ఒక్కసారి కూడా ఎక్కించలేదు మేము. ఉన్నది అదొక్కటే. పందెం ఓడిపోతానని వాడు అమ్మని చెరిపేశాడు" అంది. అని, కాఫీ చల్లారిందని విసుక్కుంటూ లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

అమ్మాయికి కావలసిన అధ్యాయం దొరికింది. గంతులెయ్యాల్సింది పోయి ఆమెకి ఏడుపొచ్చింది. అగ్గి రాజేసింది తనే కాబట్టి ఆర్పాల్సిందీ తనే అనుకుంటూ మెట్లెక్కి, అడక్కుండానే అంతా వినిపించింది.

ఆయన బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

"నేను వినలేదమ్మా" అన్నాడు. "ఆ రోజు తొందరలో ఉన్నాను. మిషను మీద శబ్దం కొలిచే ముల్లు చూశాను. కదల్లేదు. ఖాళీ అనుకున్నాను. కింద కుళాయి కారితే పైన చెప్పేవాణ్ణి, ముల్లు చూసి ఊరుకున్నాను. వినాలన్నదే మా పద్ధతి కదా. వినలేదు."

దీన్నే వెళ్ళి చెప్పమంటారా అని అమ్మాయి అడిగింది. ఆయన రికార్డరు తన చేతికిచ్చి కాస్త బయట నిలబడమన్నాడు. ఆమె మెట్ల మీద కూచుని తలుపు వైపు చూస్తూ గోళ్ళు కొరుక్కుంది. ఆయన తలుపు తెరిచి, రికార్డరు ఆమె చేతిలో పెట్టి, మొహం చూడకుండా మళ్ళీ మూసుకున్నాడు.

కింద అక్కగారు ముందు వద్దంది. తరవాత సరే పెట్టు అంది. ముందు ఆయన గొంతు, వినలేదని, ముల్లు చూశానని. ఆ తరవాత ఒక ఊపిరి. లోపలికి బరబరా లాగుడు, మధ్యలో ఆగడం, చచ్చిందేమో అని ఇల్లంతా కంగారుపడేటంత ఆగడం, అప్పుడు పెదవుల మీంచి తాపీగా పుఫ్ఫుమని. మళ్ళీ లాగుడు. నోటితో చేస్తున్నది ఆయనే, కానీ ముసలాయన గురక కాదది. ఎవరో పెద్దావిడ హాయిగా నిద్రపోతోంది.

అక్కగారు నవ్వు ఆపుకోలేక సోఫాలో ఒక పక్కకి ఒరిగిపోయింది. కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ తడిశాయి.

"వెధవ. తెలుసన్నమాట వీడికి. మొదట్నించీ తెలుసన్నమాట" అంది. ఇంకోసారి పెట్టించుకుని, ఈసారి కళ్ళు మూసుకుని విని, మొహం చిట్లించి, ఫోను ఇలా పట్రా అంది. నంబరు ఎవర్నీ అడక్కుండా నొక్కింది.

పైన ఫోను మోగడం ఇద్దరికీ వినపడింది. ఎత్తిన చప్పుడూ వినపడింది. ఆయన హలో అనలేదు.

"ఒరేయ్" అంది అక్కగారు. "లాగేటప్పుడు చివర్లో సన్నగా ఒక ఈల వచ్చేది అమ్మకి. అది వదిలేశావు."

అవతల్నించి లాగుడు. దాని చివర్లో, సన్నగా, ఈల.

"ఆఁ. అదీ" అంది ఆవిడ. ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని కూచుంది కాసేపు. "ఫోన్లో ఎందుకురా, కిందికి రా. మైకు ఇక్కడుంది."