తోక వదిలిన కుట్టు

చెల్లెలి కుట్టుమిషన్ని ఎత్తుకుపోయారని కబురొచ్చేసరికి అక్క చేతిలో సగం కుట్టిన చొక్కా ఉంది. కబురు తెచ్చిన పక్కింటి పిన్నిని బట్టల కంపెనీ గేటు దగ్గరి కాపలావాడు లోపలికి రానివ్వలేదు. ఆమె వాడితో పోట్లాడి, కిటికీ కిందికొచ్చి అరిచి చెప్పి వెళ్లింది. మునిసిపాలిటీ లారీ చెల్లెలు కూర్చుని కుట్టే ఫుట్‌పాత్ పక్కన ఆగిందట. మిషన్ని స్టాండుతో సహా లారీలో పడేశారట. బాగుచెయ్యమని జనం ఇచ్చిన బట్టల్నీ మూటగట్టి విసిరేశారట. చెల్లెలు లారీ వెనక పరిగెత్తి బోర్లా పడిందట.

అక్క లేవబోయింది. సూపర్‌వైజరు ఆమె వంక చూశాడు. ఆ చూపు చాలు. మధ్యలో గేటు దాటిన మనిషిని ఆ రోజుకి మళ్లీ లోపలికి రానివ్వరని ఆ హాల్లో అందరికీ తెలుసు. అక్క కూర్చుంది. సూది వేలికి దిగింది. రక్తం గుడ్డకంటకుండా వేలు నోట్లో పెట్టుకుంది. రక్తం ఎవరిదైనా ఫర్లేదు, మరక పడితే మాత్రం చొక్కా ధర ఆమె కూలిలోంచి కోస్తారు.

ఆ చొక్కా సంగతి చెప్పాలి. అది కొత్త గుడ్డ, మేలు రకం. ముందు దాన్ని కటింగ్ మేస్త్రి కత్తెరతో చింపుతాడు. తర్వాత ఆడవాళ్లు ఆ చిరుగుని సూదితో అల్లి పూడుస్తారు. పూడ్చాక దారం కొస కత్తిరించకుండా వేలెడు పొడుగున వేలాడనిస్తారు. ఆ కొసకి తోక అని పేరు. తోక ఉన్న చొక్కా తొడిగినవాడు గుంపులో ఒకడు కాదట, వాడి తీరే వేరట. అలాంటి వేరే తీరు వాళ్లు ఊరినిండా తోకలేసుకుని తిరుగుతున్నారు. ఒక్క చొక్కా ధర, కుట్టినామె నెలంతా నడుం వంచినా సంపాదించలేదు. ఆమెకిచ్చే కూలి ఆ చొక్కాని పెట్టిచ్చే అట్టపెట్టె ఖర్చుకి కూడా సరితూగదు. బట్టలు నిజంగా చిరిగినవాణ్ణి ఆ చొక్కాలమ్మే షాపు మెట్లెక్కనివ్వరు. చిరుగుని డబ్బిచ్చి కొనుక్కునేవాడికి కుర్చీ వేస్తారు.

తోక అక్కాచెల్లెళ్ల తల్లిది. ఇళ్లల్లో పాతబట్టలు బాగుచేసి ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ. లేనివాడి గుడ్డ చిరిగినచోటే మళ్లీ చిరుగుతుందనేది. కొస వదిలిపెడితే రేపు దాన్నే సూదికెక్కించి కుట్టు సాగించవచ్చు, దారం కలిసొస్తుంది. ఆడపిల్లలిద్దరికీ ఆవిడ ఇచ్చిన ఆస్తి అదొక్కటే.

ఈ బ్రాండు పెట్టిన కొత్తలో ఒకరోజు అక్క చేతిలో కత్తెర జారి, తెల్ల చొక్కా వీపున గాటు పడింది. కూలి కోస్తారన్న భయంతో గబగబా అమ్మ కుట్టుతో పూడ్చేసింది. చేతికి పడ్డ అలవాటు, కొస కత్తిరించడం మర్చిపోయింది. యజమాని పట్టుకున్నాడు. ఇవాళ దీని పని అయిపోయిందనుకుని, పక్కన గుండీలు కుడుతూ కూర్చున్న గుండీలామె తల దించుకుంది. అతను మాత్రం చొక్కాని వెలుతురుకి పట్టి చూసి, చూసి, కళ్లు తుడుచుకున్నాడు. ఏడాది తిరక్కుండానే, ఆ తోక తనకు జ్వరంలో కలలో కనబడిందని పేపర్లకి చెప్పాడు. అక్కకి కోపం రాలేదు. కూలి కోయలేదు కదా అని సంతోషించింది. మనల్ని దోచుకోవడం అంత తేలిక. తిట్టకుండా వదిలేస్తే చాలు, బహుమానం ఇచ్చారనుకుంటాం.

యజమానిని సార్ అనకూడదు. అన్నా అనాలి. ఇది కంపెనీ కాదు, కుటుంబం అని అతనే చెప్పాడు. అన్నని బోనస్ అడగడానికి ఎవరికి నోరొస్తుంది? అతనేమో వయసులో పెద్దదని ఆమెను అక్కా అంటాడు. ఎవరు ఎవరికి పెద్దో తేలని ఈ చుట్టరికంలో తినేవాడెవడో మాత్రం తేలిపోయింది.

మధ్యాహ్నం తిండివేళకి ముందు అతను అక్కని పైగదికి పిలిపించాడు. చెక్కమెట్లెక్కితే అద్దాల గది. కుర్చీ వేసి ఉంది, దాని మీద లైట్లు. కెమెరా వెనక ఒక పిల్ల చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఉంది. అక్క కుర్చీ వంక చూడకుండా చెల్లెలి గోడు వెళ్లబోసుకుంది. మీకు పెద్దవాళ్లు తెలుసు, ఒక్క మాట చెప్పి మిషన్ విడిపించండి అని బతిమాలింది.

"ఎత్తమని చెప్పిందే నేను," అన్నాడు అతను. గొంతులో కోపం లేదు. "అన్నం తిన్నావా?"

తర్వాత అతనే తీరిగ్గా విడమరిచి చెప్పాడు. ఒక పెద్ద కంపెనీ తన తోకని కాపీ కొట్టిందట. కోర్టుకెళ్తే, ఇది వీధి కుట్టు, ఎవరి సొత్తూ కాదు, కావాలంటే ఫుట్‌పాత్ మీద కుట్టే మనిషిని చూడండి అంటోందట. ఆ మనిషి చెల్లెలు. పాతబట్టలకి తోకలు వదిలి టీ ఖరీదుకి బాగుచేసిస్తోంది. బ్రాండు కొనలేని కుర్రాళ్లు కూడా తోకల కోసం దాని దగ్గర మూగుతున్నారు. కాబట్టి అక్క కెమెరా ముందు మూడు ముక్కలు చెప్పాలి: ఈ కుట్టు నాకు అన్న నేర్పాడు, ఇంటికెళ్లి నేను చెల్లికి చూపించాను, అది నన్నడక్కుండా దొంగిలించింది. చెబితే సాయంత్రానికి మిషన్ ఇంట్లో ఉంటుంది, చెల్లికి కింద హాల్లో ఒక సీటు, అక్కకి ఆడవాళ్లందరి మీదా పెత్తనం. చెప్పకపోతే మిషనూ లేదు, ఈ పనీ లేదు.

"నేను చిన్నవాణ్ణక్కా. సొంతంగా ఏదో ఒకటి పుట్టించుకున్నవాణ్ణి. పెద్ద చేప నన్ను మింగేస్తోంది."

"ఇది మా అమ్మ కుట్టు అన్నా."

"మీ అమ్మ ఏదో కుట్టే ఉంటుంది. దాన్ని చూసిన కన్ను నాది."

అక్క తిండివేళ దాటాక వస్తానని దిగిపోయింది. మిషన్ వస్తుంది, చెల్లికి నీడపట్టున పని దొరుకుతుంది, మూడు ముక్కలకి ఏం అరిగిపోతాం అనుకుంటూనే దిగింది. ఆమెను దేవతని చేసి చెప్పడం నాకిష్టం లేదు. ఒప్పుకోవాలనే అనుకుంది.

గేటు బయట చెల్లెలు నిలబడి ఉంది. మోచేయి చీరుకుపోయింది, ముఖాన దుమ్ము. ఊచల మధ్య నుంచి అక్క అంతా చెప్పింది. చెల్లెలు వింటున్నంతసేపూ గేటు తాళం వంకే చూసింది.

"అమ్మ కుట్టుని తీసుకెళ్లి వాడి చేతిలో పెట్టింది నువ్వు. ఇప్పుడు దొంగని నేనా?"

"మిషన్ వస్తుందే."

"వస్తుంది. దాని ముందు దొంగ కూర్చుంటుంది. దొంగ చేతికి ఎవరే గుడ్డ ఇచ్చేది?" చెల్లెలు ఊచ మీంచి చెయ్యి తీసేసింది. "జనం నా దగ్గర పెళ్లిబట్టలు పెట్టి వెళ్తారు. చీటీ లేదు, తాళం లేదు. ఇవాళ పోయిన మూటకే ఏం జవాబు చెప్పాలో తెలీక చస్తున్నా. నువ్వు పెత్తనం చేసుకో పో."

ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లింది. అక్క అన్నం డబ్బా మూత తియ్యకుండానే లోపలికొచ్చింది.

కుర్చీలో కూర్చోబెట్టి, జాకెట్టు మీద తోక చొక్కా ఒకటి తొడిగారు. కెమెరా పిల్ల ఆమె మెడ దగ్గర చిన్న మైకు తగిలించి ఇటు చూడు పెద్దమ్మా అంది. చెప్పాల్సిన ముక్కలు యజమాని మళ్లీ గుర్తుచేశాడు. సహజంగా ఉండాలన్నాడు, మనసులోంచి రావాలన్నాడు.

"ఈ కుట్టు నాకు," అని మొదలెట్టి అక్క ఆగింది. లైట్ల వేడికి నుదుటి మీంచి చెమట కారుతోంది. "మా అమ్మ నేర్పింది. నాకూ మా చెల్లికీ. ఇతనికి తెలిసింది నా వల్ల."

"సౌండ్ బాగా వచ్చింది," అంది కెమెరా పిల్ల.

యజమాని ఆపమన్నాడు. మంచినీళ్లిప్పించాడు. చెల్లెలి గురించి, మిషన్ గురించి, బయట పని దొరక్కపోవడం గురించి మెత్తగా చెప్పాడు. మళ్లీ మొదలెట్టించాడు. అక్క మళ్లీ అమ్మ పేరే ఎత్తింది. మూడోసారికి అతని మెత్తదనం ఊడిపోయింది. చింకిగుడ్డలు కుట్టుకునేదాన్ని తెచ్చి కూర్చోబెట్టానన్నాడు. తనే లేకపోతే ఈ తోక ఏ చెత్తకుండీలోనో ఉండేదన్నాడు.

"చెత్తకుండీలో ఏరుకున్నవాడివి, పుట్టించానంటావేం? చెల్లి దొంగ అని నా నోట రాదు. ఎన్నిసార్లు తిప్పుతావో తిప్పుకో."

అన్నా అనలేదు. మీరూ అనలేదు. ఆ హాలు పుట్టాక అతన్ని ఎవరైనా నువ్వు అనడం అదే మొదలు.

అక్క చొక్కా విప్పి కుర్చీ వీపుకి తగిలించింది. ఈ వారం కూలి కూడా రాదని అతను వెనకనుంచి అరిచాడు. తర్వాత తలుపు దగ్గరికొచ్చి కిందికి వంగి గుండీలామెని పిలిచాడు.

గుండీలామె మొగుడు మంచం పట్టి చాలా కాలమైంది. ఆమె ఒక్క పూట మానితే ఇంట్లో మందు ఉండదు. తెల్ల చొక్కాకి గాటు పడ్డనాడు అంతా చూసిన మనిషి ఆమే. అందుకే ఆమె మాటకి అంత ధర. ఒళ్లో గుండీలు పక్కన పోసి లేచింది. మెట్ల మీద అక్క ఎదురైంది. అక్క గోడకి ఒదిగి దారిచ్చింది.  గుండీలామె కళ్లెత్తకుండా పైకి వెళ్లింది.

వెళ్లిపోవాల్సిన అక్క మెట్టు మీదే ఆగిపోయింది. పైన కుర్చీ జరిగిన చప్పుడైంది. ఇటు చూడు పెద్దమ్మా అన్న మాట వినిపించింది. గుండీలామె గొంతు సవరించుకుంది. సూపర్‌వైజరు మెట్ల కింద నిలబడి పని పని అంటున్నాడు. కుట్టిన ముక్కకే కూలి దొరికే ఆ హాల్లో అందరూ పైగది వంకే చూస్తున్నారు, ఒక్క మిషనూ కదలడం లేదు.